ఎడమ అన్న మాట

కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజు సరంగు పుస్తకం తెరిచేవాడు కాదు. క్లాసులో ఉన్న ఇరవై మందినీ లేచి నిలబడమనేవాడు. సగం మందిని కిటికీ వైపు, సగం మందిని తలుపు వైపు తిప్పేవాడు. "ఇప్పుడు అందరూ ఎడమ చెయ్యి ఎత్తండి," అనేవాడు. సగం చేతులు ఈ గోడ వైపు లేస్తే, సగం ఆ గోడ వైపు లేచేవి.

"చూశారా? ఒక్కరూ తప్పు చెప్పలేదు. అయినా ఓడ మునిగింది," అనేవాడు.

అందరూ నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

రేవు గోడకి ఆనుకుని, తాళ్లు అమ్మే కొట్టు మీద రెండో అంతస్తులో ఉండేది ఆ స్కూలు. మూడే గదులు. మెట్లెక్కుతుంటే తారు వాసన, కొబ్బరి పీచు వాసన కలిసి ముక్కుకి తగిలేవి. ఓడలో పనికి వెళ్లాలనుకునే ఎవరైనా ముందు అక్కడ ఐదు రోజులు కూర్చోవాలి. వంటవాడైనా సరే, ఇంజను తుడిచేవాడైనా సరే, ఆ ఐదు రోజుల కాగితం లేకపోతే ఓడ మెట్టు ఎక్కనివ్వరు. ఓడలో ఏ భాగాన్ని ఏమంటారు, మంట కనబడితే ఏమని అరవాలి, గంట ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగితే ఎక్కడికి పరిగెత్తాలి, లైఫ్‌జాకెట్ పట్టీకి ఏ ముడి వెయ్యాలి, ఇవే పాఠాలు. చెప్పేది సరంగు.

"ఎడమా కుడీ మనిషివి. మనిషి తిరిగితే అవీ తిరుగుతాయి," అనేవాడు. "పోర్ట్, స్టార్‌బోర్డ్ ఓడవి. ఓడ ముందువైపుకి ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి పక్క పోర్ట్, అక్కడ ఎర్ర దీపం. కుడిచేతి పక్క స్టార్‌బోర్డ్, అక్కడ పచ్చ దీపం. ఆ తర్వాత నువ్వు వెనక్కి తిరుగు, తలకిందులుగా వేలాడు, పోర్ట్ పోర్టే. ముందు కొస బో, వెనక కొస స్టెర్న్. మళ్లీ చెప్పు."

ఆ 'మళ్లీ చెప్పు' ఆయనకి పేరైపోయింది. ఒక్కొక్కరి చేత యాభైసార్లు చెప్పించేవాడు. నిద్రలో లేపి అడిగినా నోట్లోంచి ఓడ మాటే రావాలి, ఇంటి మాట రాకూడదనేవాడు. ఇంత చిన్న విషయానికి ఇంత చాదస్తమా అని కుర్రాళ్లు వెనక గొణుక్కునేవారు. స్కూలు నడిపే మేడమ్ ఒకప్పుడు ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేసింది. ఆవిడ మాత్రం, "పదేళ్లకి పైగా చూస్తున్నాను, ఈయన దగ్గర నేర్చుకున్నవాడు ఒక్కడు కూడా తడబడ్డాడన్న మాట రాలేదు," అని అందరికీ చెప్పుకునేది. ఆ మెప్పు విన్నప్పుడల్లా సరంగు తల వంచుకుని బల్ల మీది చెక్క ఓడ బొమ్మని అటూ ఇటూ జరిపేవాడు. వినయం అనుకునేవారంతా.

అది వినయం కాదు. పద్నాలుగేళ్ల కిందట ఆయన నోట్లోంచే ఇంటి మాట వచ్చింది.

అప్పుడాయన ఒక చిన్న సరుకుల ఓడలో పనిచేసేవాడు. డెక్ మీద పనివాళ్లకి పెద్ద. ఆ పనిని సరంగు అంటారు, ఆయన పేరు ఎవరికీ గుర్తులేనంతగా ఆ మాటే ఆయనకి అతుక్కుపోయింది. ఓడలో మొత్తం తొమ్మిది మంది. వంటవాడిని గరిటె అనేవారు. ఏది చూపించాలన్నా వేలుతో కాకుండా చేతిలో ఉన్న గరిటెతో చూపించేవాడు కాబట్టి. చుక్కాని చక్రం పట్టుకునే మనిషి ఆర్నెల్ల కిందటే చేరాడు. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. అతన్ని అందరూ చుక్కాని అనే పిలిచేవారు.

గరిటెకి ఓడ మాటలంటే ఒళ్లు మంట. బోని ముక్కు అనేవాడు, స్టెర్న్‌ని తోక అనేవాడు.

"ఎడమ, కుడి అంటే ఏం పోయిందన్నా? అమ్మ నేర్పిన మాటలుండగా ఈ అరువు మాటలెందుకు?" అని అడిగాడు ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ.

"నువ్వు నాకెదురుగా కూర్చున్నావు. నీ ఎడమ ఎటు? నా ఎడమ ఎటు?" అన్నాడు సరంగు.

గరిటె గరిటెతో అటు చూపించాడు, ఇటు చూపించాడు, పకపకా నవ్వాడు. "అర్థమైందిలే. నీ ఎడమ నీది, నా ఎడమ నాది. ఓడది ఓడకి వదిలెయ్యాలి."

అది జరిగిన మూడో వారం ఓడ కలప వేసుకుని బయలుదేరింది. డెక్ మధ్యలో దూలాలు మనిషి ఎత్తుకి మించి పేర్చి గొలుసులు బిగించారు. రెండు పక్కలా ఒక మనిషి నడిచేంత సందు మాత్రం మిగిలింది. చక్రం ఉన్న గది ఓడ వెనక భాగంలో పైన ఉంటుంది. అక్కడ నిలబడితే దూలాల గుట్ట కనిపిస్తుంది గానీ సందుల్లో నడిచే మనిషి కనబడడు.

మధ్యాహ్నం దాటి, ఎండ వాలుతున్న వేళ. అలలు పెద్దవిగానే ఉన్నాయి. సరంగు బో దగ్గర గొలుసులు చూసుకుని, స్టార్‌బోర్డ్ పక్క సందులోంచి వెనక్కి నడిచి వస్తున్నాడు. అంటే ఆయన ముఖం స్టెర్న్ వైపు ఉంది. ఎదురుగా గరిటె వస్తున్నాడు. కూరగాయల బస్తాలు బో దగ్గరి గదిలో చల్లగా ఉంటాయని అక్కడ పెట్టుకునేవాడు. ఇద్దరూ తప్పుకునే చోటు లేదు.

"పెద్దమనుషులకి దారి!" అంటూ గరిటె ఓడ అంచు కడ్డీల కింది మెట్టు మీద కాళ్లు పెట్టి, పైకడ్డీ మీద సగం కూర్చుని, ఒక చేత్తో టోపీ తీసి దణ్ణం పెట్టాడు. సరంగు నవ్వుతూ పక్కనించి దాటాడు. ఓడ ఒక్కసారి పక్కకి ఒరిగింది. సరంగు దూలాన్ని పట్టుకుని తలెత్తి చూసేసరికి కడ్డీ మీద ఎవరూ లేరు.

నీళ్లలో ఎర్ర టోపీ ముందు కనిపించింది. తర్వాత తల, ఒక చెయ్యి. ఓడ ముందుకు పోతోంది కాబట్టి గరిటె వెనక్కి, ప్రొపెల్లర్ వైపుకి జారిపోతున్నాడు. సరంగు వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఎన్నిసార్లు నేర్చుకున్నాడో, ఎన్నిసార్లు నేర్పాడో. ఆ క్షణంలో నోటికి వచ్చింది మాత్రం అమ్మ నేర్పిన మాట.

"మనిషి పడ్డాడు! ఎడమ! ఎడమ పక్క!"

నీళ్లు ఆయన ఎడమ చేతి పక్కనే ఉన్నాయి మరి. చక్రం దగ్గర నిలబడ్డ మనిషి ముఖం మాత్రం ముందుకు ఉంది. అతని ఎడమ అంటే పోర్ట్. మనిషి ఏ పక్క పడితే ఓడ ముక్కుని ఆ పక్కకే తిప్పాలన్నది నియమం. అప్పుడు ఓడ తోక, దాంతో పాటు ప్రొపెల్లర్, పడ్డ మనిషికి దూరంగా జరుగుతాయి. చుక్కాని నియమం తప్పలేదు. విన్న మాట ప్రకారం క్షణం ఆలస్యం చెయ్యకుండా చక్రం పోర్ట్ వైపు తిప్పాడు, మైకులో పోర్ట్ వైపు మనిషి పడ్డాడని అరిచాడు. ఉన్నవాళ్లంతా లైఫ్‌రింగులు పట్టుకుని పోర్ట్ పక్కకి పరిగెత్తి, ఖాళీ నీళ్లలోకి విసిరారు.

ఇంకో నియమం కూడా ఉంది. పడ్డ మనిషిని చూసినవాడు వేలు చూపిస్తూ అక్కడే నిలబడాలి, ఎవరేం చెప్పినా కళ్లు తిప్పకూడదు. సరంగు కళ్లు తిప్పాడు. ఇరవై అడుగుల దూరంలో వేలాడుతున్న లైఫ్‌రింగు కోసం పరిగెత్తాడు. అది తెచ్చి చూసేసరికి ఓడ తోక ఆ పక్కకే ఊగుతూ వస్తోంది. ఎర్ర టోపీ లేదు.

చిన్న పడవ దింపారు. పొద్దుగుంకే దాకా వెతికారు. రెండు రోజుల తర్వాత చేపల పడవవాళ్లకి గరిటె దొరికాడు. ప్రొపెల్లర్ తగిలిందో, నీళ్లే మింగేశాయో డాక్టరు తేల్చి చెప్పలేకపోయాడు.

విచారణ రేవు ఆఫీసులో జరిగింది. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు అధికారులు. సరంగు అబద్ధం చెప్పాలని అనుకుని వెళ్లలేదు. ముందురోజంతా, 'కంగారులో ఎడమ అనేశానండి' అన్న వాక్యాన్ని మనసులో దిద్దుకుంటూనే ఉన్నాడు. గది బయట బెంచీ మీద గరిటె వాళ్ల అక్క కూర్చుని ఉంది, తల్లి తర్వాత తల్లిలా తమ్ముణ్ణి పెంచిన మనిషి. ఆవిడ చేతిలో తమ్ముడి గరిటె ఉంది. ఓడవాళ్లు సామాన్లతో పాటు అప్పగించారు.

"మీరు ఏమని అరిచారు?" అని అడిగాడు పెద్ద అధికారి.

"స్టార్‌బోర్డ్ అన్నానండి."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆ రోజు ఓడలో అందులో సగం తేలిగ్గా వచ్చి ఉంటే చాలు, తను ఈ గదిలో ఉండేవాడు కాదు.

తర్వాత చుక్కానిని పిలిచారు. "నాకు ఎడమ అని వినపడిందండి," అన్నాడు అతను.

"ఇరవై రెండేళ్ల సర్వీసున్న సరంగు ఎడమ అంటాడా? కొత్తగా చేరినవాడు కూడా అనడే!"

చుక్కాని సరంగు వైపు చూశాడు. కోపంగా కాదు. 'మీరే చెప్పండి' అన్నట్టు చూశాడు. సరంగు ముందున్న గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు దాన్ని పెదాల దగ్గరే ఉంచుకున్నాడు.

రెండో రోజు అదే ప్రశ్న, అదే జవాబు. మూడో రోజు చుక్కాని గొంతు తగ్గింది. "ఇంజను రొద, గాలి... నేనే తప్పు విన్నానేమోనండి," అన్నాడు. అంతే రాసుకున్నారు. అతని సర్టిఫికెట్ రెండేళ్లు ఆపేశారు. రెండేళ్ల తర్వాత తిరిగి ఇచ్చారు గానీ, చెప్పింది చెప్పినట్టు వినలేని మనిషికి చక్రం ఎవరిస్తారు?

సరంగు ఇంకొక్క ప్రయాణం చేశాడు. స్టార్‌బోర్డ్ పక్క సందులో నడవాల్సి వచ్చినప్పుడల్లా చుట్టు తిరిగి పోర్ట్ పక్కనించి వెళ్లేవాడు. ఒడ్డుకి రాగానే ఓడ వదిలేసి స్కూల్లో చేరాడు. తేలు కుట్టిన దొంగ కేక వెయ్యలేడు. సరంగు ఆ కేకని పాఠంగా మార్చుకున్నాడు. తన నోట్లోంచి రాని మాటని ప్రతి బ్యాచ్‌లో ఇరవై నోళ్ల చేత యాభైసార్లు అనిపించేవాడు. ఊళ్లో ఎప్పుడైనా చుక్కాని దూరంగా, ఏదో కొట్టు ముందు నిచ్చెన మీద నిలబడి బోర్డు రాస్తూ కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

అతనిప్పుడు బోర్డులు రాసే పెయింటర్. సరంగుకి అంతవరకే తెలుసు.

ఒక సోమవారం పొద్దున సరంగు మెట్లెక్కుతుంటే పైన నిచ్చెన గోడకి రాసుకుంటున్న చప్పుడు వినబడింది. తనిఖీ రాబోతోందని, క్లాసు గోడ మీద పెద్ద ఓడ బొమ్మ గీయించి, భాగాల పేర్లు రాయించాలని మేడమ్ అనుకుంది. ఊళ్లో అక్షరం బాగా రాసేవాణ్ణి పిలిపించింది. అతను రంగు డబ్బాలు వరసగా పెడుతూ తలెత్తాడు. చెంపల మీద జుట్టు నెరిసింది.

"నమస్కారం సరంగుగారూ! బాగున్నారా?"

"బాగున్నాను తమ్ముడూ," అన్నాడు సరంగు. ఇంకేమనాలో తెలియక, "ఏమేం రాయాలో చెబుతాను, ముందు..." అని మొదలుపెట్టాడు.

"అయ్యో, నోటితో చెప్పొద్దండి. కాగితం మీద రాసివ్వండి."

"నాలుగు మాటలే కదా. నీకు తెలియనివా?"

"తెలిసినవే. అయినా రాసివ్వండి, మీకు పుణ్యముంటుంది. నేను ఎవరి దగ్గరైనా అంతే."

"చెవులు సరిగా వినపడవా?"

పెయింటర్ చిన్నగా నవ్వాడు. "వినపడతాయి. వినపడింది నిజమో కాదో తెలీదు, అదే గొడవ. ఆ రోజు మీరు స్టార్‌బోర్డ్ అని అరిచారు. నాకు ఎడమ అని వినపడింది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఎడమ అనే వినపడుతుంది, మీ గొంతుతోనే, ఇదిగో ఇప్పుడు మీరు మాట్లాడుతున్నంత స్పష్టంగా. అనని మాట అంత స్పష్టంగా వినపడిన చెవుల్ని ఇంకేం నమ్మనండి? ఇంట్లో మా ఆవిడ ఏది చెప్పినా మూడుసార్లు చెప్పిస్తాను. పాపం, విసుక్కోదు. ఫోన్ నేనెత్తను. ఎవరి పని ఒప్పుకున్నా రాసిమ్మంటాను. ఒక రకంగా మంచిదే అయింది, ఈ పనిలో అక్షరం తప్పు పోలేదు ఎప్పుడూ."

ఇందులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడుపు ఉంటే సరంగు తట్టుకునేవాడేమో. అతని ఉద్యోగం పోగొట్టానని పద్నాలుగేళ్లుగా తెలుసు. అతని చెవులు కూడా తీసుకున్నానని అప్పుడే తెలిసింది.

కాగితం మీద మాటలు రాసిచ్చాడు. ఆ రోజు పక్క గదిలో క్లాసు. ఇరవై మంది నిలబడ్డారు. సరంగు, "కూర్చోండి. పుస్తకం చదువుకోండి," అన్నాడు. గోడ అవతల నిచ్చెన జరుగుతూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ, ఆయన తిన్నగా భార్య పనిచేసే చోటికి వెళ్లాడు. రేవు వెనక వీధిలో లైఫ్‌జాకెట్లు కుట్టే షాపు అది. పన్నెండు మిషన్లు, నారింజ రంగు గుడ్డ కుప్పలు. మిగతావాళ్లు తినడానికి బయటికి వెళ్లారు. ఆవిడ ఒక్కతే ఒక పట్టీకి రెండో కుట్టు వేస్తోంది.

"ఏంటీ వేళప్పుడు? డబ్బా ఇంట్లో మర్చిపోయారా?" అంది తలెత్తకుండా.

ఆయన పక్క మిషను ముందు స్టూలు మీద కూర్చుని చెప్పాడు. ఓడలో అన్న మాట, విచారణలో అన్న మాట, నిన్న పెయింటర్ అన్న మాట. ఆవిడ కాలు మిషను మీద ఆగిపోయింది. చాలాసేపు పట్టీని వేళ్లకి చుట్టుకుంటూ కూర్చుంది.

"కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు," అన్నాడు ఆయన చివరికి. "నేను కాలు జారినవాణ్ణి కూడా తీసుకోలేకపోయాను."

"సామెతలు తర్వాత చెబుదురుగాని. నోరు జారింది ఓడలో. విచారణలో జారలేదు. అక్కడ మూడు రోజులు గట్టిగానే పట్టుకున్నారు."

ఆయన ముందున్న మిషను మీది దారపు కండెని వేలితో తిప్పుతున్నాడు.

"విచారణ నుంచి వచ్చిన రోజు నేను మిమ్మల్ని అడిగాను. ఆ కుర్రాడు అబద్ధమాడాడా, నిజంగానే తప్పు విన్నాడా అని. మీరేమన్నారో గుర్తుందా? 'ఎవరి కర్మ వాళ్లది' అన్నారు. ఎంత జాలి గుండె అనుకున్నాను నేను." ఆవిడ చేతిలోని పట్టీని విడిచిపెట్టింది. ముఖం గోడ వైపు తిప్పుకుంది. కాసేపటికి మళ్లీ మామూలు గొంతుతో అంది: "ఇంతకీ నాకెందుకు చెబుతున్నారు? నా చెవులు బాగానే ఉన్నాయి. బాగా లేనివి అతనివి. వెళ్లండి, ఇంకా మీ గోడ దగ్గరే ఉన్నాడుగా."

అయినా ఆ రోజు వెళ్లలేకపోయాడు. స్కూలు మెట్ల దాకా వచ్చి, తాళ్ల కొట్టువాడితో అక్కర్లేని కబుర్లు చెప్పి ఇంటికి పోయాడు. బుధవారం క్లాసు అయిపోయి అందరూ వెళ్లిపోయాక గోడ ఉన్న గదిలోకి అడుగుపెట్టాడు. ఓడ బొమ్మ దాదాపు పూర్తయింది. పోర్ట్ పక్క ఎర్ర దీపం రంగు ఆరి మెరుస్తోంది. పెయింటర్ నిచ్చెన మీద నిలబడి స్టార్‌బోర్డ్ దీపానికి పచ్చ రంగు వేస్తున్నాడు.

"తమ్ముడూ, ఒక మాట."

"రాసి ఆ బల్ల మీద పెట్టండి, చూస్తాను."

"ఇది పని మాట కాదు. ఆ రోజు నేను ఎడమ అనే అన్నాను. నువ్వు సరిగ్గానే విన్నావు. విచారణలో అబద్ధం చెప్పింది నేను."

కుంచె ఆగింది. పెయింటర్ వెనక్కి తిరగలేదు. కుంచె కొసన పచ్చ రంగు చేరి, బొట్టుగా మారి, గోడ మీద జారింది. అతను దాన్ని గుడ్డతో తుడిచాడు.

"ఏమన్నారు?"

"ఎడమ అనే అన్నాను."

"మళ్లీ చెప్పండి."

మూడోసారి చెప్పాడు సరంగు. పెయింటర్ నిచ్చెన దిగి వచ్చాడు. ముఖంలో కోపం లేదు, భయం ఉంది. చీకట్లో మెట్టు ఉందో లేదో తెలియక కాలు చాపే మనిషి ముఖంలా ఉంది.

"మీరు ఇది అన్నారో, నేను అన్నారనుకుంటున్నానో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. "ఇన్నేళ్లుగా వినాలనుకున్న మాట ఇది. వినాలనుకున్నది వినపడటం ఎంతసేపు? రాయండి."

హాజరు పట్టీ వెనక తెల్లగా ఉన్న వైపు సరంగు రాశాడు. అక్షరాలు వంకరపోయాయి. 'ఓడలోంచి మనిషి పడినప్పుడు నేను ఎడమ అని అరిచాను. స్టార్‌బోర్డ్ అనలేదు. చక్రం దగ్గరున్న మనిషి నేను అన్నదే విన్నాడు, విన్నట్టే చేశాడు. విచారణలో నేను చెప్పింది అబద్ధం.'

"సంతకం పెట్టండి. తారీఖు వెయ్యండి."

పెయింటర్ కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చదివాడు. రెండోసారి పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"అంటే నేను సరిగ్గానే విన్నాను."

"సరిగ్గానే విన్నావు."

"ఓడ పోతే పోయింది సరంగుగారూ. ఆ పని కాకపోతే ఈ పని. మా అమ్మ పోయే ముందు నన్ను దగ్గరికి పిలిచి ఒక మాట అంది. గొంతు పీలగా ఉంది, నాకు మాత్రం వినపడింది. అమ్మ నిజంగా అలా అందో, నా చెవులే కల్పించాయో అని ఆ మాటని ఇన్నేళ్లూ నా దగ్గరికి రానివ్వలేదు. మంచి మాట అది." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "దీనికి మీరేం చేస్తారు? మీ చేతిలో ఏముందని?"

సరంగు చేతులు జోడించాడు. పెయింటర్ ఆ చేతుల వైపు చూడలేదు.

"ఈ గోడ పూర్తి చేసే వెళ్తాను. మీకోసం కాదు, ఒప్పుకున్న పని కాబట్టి. మీరు మాత్రం కాసేపు బయటికి వెళ్లండి."

రేవు ఆఫీసుకి ఎవరూ ఈడ్చుకెళ్లకుండానే సరంగు వెళ్లాడు. పాత అధికారులు ఎవరూ లేరు. ఇప్పుడున్న ఆవిడ ఆయన చెప్పిందంతా విని, పాత ఫైలు తెప్పించడానికి పది రోజులు తీసుకుంది. మళ్లీ విచారణ పెట్టారు. ఈసారి ఇద్దరే సాక్షులు. పెయింటర్ ఒక కుర్చీలో, సరంగు ఒక కుర్చీలో. పెయింటర్ ఏ ప్రశ్ననీ రెండోసారి అడిగించుకోలేదు. ప్రశ్న వినగానే జవాబు చెప్పాడు, ప్రతిసారీ చెప్పాక తనే కాస్త ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు.

"ఎందుకు అబద్ధం చెప్పారు?" అని అధికారి సరంగుని అడిగింది.

"తెలియని మాట కాదు కదండీ. తెలియక అంటే క్షమిస్తారు. తెలిసీ నోటికి రాలేదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. మొదటి రోజు సిగ్గు, రెండో రోజు నుంచి భయం."

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఒకటి అడగాలి. నేను ఆ రోజు సరైన మాట అని ఉంటే అతను బతికేవాడా?"

ఆవిడ ఫైలు తిరగేసింది. వేగం, దూరం, గాలి అన్నీ చూసింది. "చెప్పలేం," అంది. "బతకొచ్చు. బతక్కపోనూ వచ్చు. అది ఎవరూ చెప్పలేరు."

పాత తీర్పు కొట్టేశారు. పెయింటర్‌కి మచ్చ లేని కాగితం ఇచ్చారు. అతను మళ్లీ ఓడ ఎక్కలేదు. యాభై దగ్గరపడ్డాయి, ఎక్కాలనీ అనుకోలేదు. సరంగు సర్టిఫికెట్ రద్దయింది. అది లేకుండా పాఠం చెప్పకూడదు. మేడమ్ ఆయన్ని తన గదిలోకి పిలిచి, బల్ల మీది చెక్క ఓడ బొమ్మని తీసుకెళ్లమంది. ఆయన వద్దన్నాడు.

ఇక మిగిలింది గరిటె వాళ్ల అక్క. ఆవిడ మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఇస్త్రీ కొట్టు నడుపుతోందని ఓడల్లో పనిచేసిన పాత మిత్రుడొకడు చెప్పాడు. "ఉత్తరం రాయండి చాలదా?" అంది భార్య, ఆయన ముఖం చూసి జాలిపడి. "ఆవిడ ముఖం చూసే అబద్ధం చెప్పాను," అన్నాడాయన. చొక్కా మార్చుకుని వెళ్లాడు.

చిన్న కొట్టు. గోడకి మడతపెట్టిన బట్టల అరలు, వేడి గుడ్డ వాసన. ఆవిడ డెబ్భైకి దగ్గర్లో ఉంది. ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ముఖం విప్పారింది. "మా తమ్ముడి సరంగువి కదూ! వాడు ఉత్తరాల్లో నీ గురించే రాసేవాడు. అన్నా అన్నా అని. కూర్చో నాయనా."

"నిలబడే చెబుతాను అక్కా," అన్నాడు.

చెప్పాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని వింది. అడ్డు రాలేదు. అయిపోయాక పెట్టెని నెమ్మదిగా దాని చోట నిలబెట్టింది.

"వాడు నీకు దారిచ్చి పడ్డాడా?"

"అవునక్కా. నవ్వుతూ ఉన్నాడు."

"ఇది నాకెవరూ చెప్పలేదు." ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు వాటంతట అవే చెంపల మీద జారాయి. "ఆ రోజు రేవు గేటు దగ్గర ఆ చుక్కాని పిల్లాణ్ణి ఆపాను. నీ చెవుల్లో సీసం పొయ్యా అన్నాను. నా తమ్ముడి కేక వినపడని చెవులు నీకెందుకు అన్నాను. తలొంచుకుని నిలబడి అంతా విన్నాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ మాటలు నా చేత అనిపించింది నువ్వు."

సరంగు తల వంచుకున్నాడు. తిట్టమని లోపల్లోపల బతిమాలుకున్నాడు. ఆవిడ తిట్టలేదు.

"నిన్ను తిట్టను. ఒకసారి తొందరపడి తప్పు మనిషిని తిట్టాను. ఇక నా నోటికి ఆ పని చెప్పను." కొట్టు తలుపు రెక్క ఒకటి మూసింది. "అతని ఇల్లెక్కడో చెప్పు."

"నేను తీసుకెళ్తాను అక్కా."

"నువ్వు రావద్దు. నీ పని నువ్వు చేసుకున్నావు, నా పని నేను చేసుకోవాలి. చిరునామా చెప్పు చాలు."

చెప్పాడు. ఆవిడ ఒకసారి వింది, గుర్తుపెట్టుకుంది. ఆయన బస్‌స్టాండ్ దాకా నడిచి వెళ్లి, బస్సు వచ్చినా ఎక్కకుండా తర్వాతి బస్సు దాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. చెప్పేస్తే బరువు దిగుతుందని అంతా అంటారు. ఆయనకి దిగలేదు. ఇన్నాళ్లూ ఒక్కడే మోసింది ఇప్పుడు నలుగురు మోస్తున్నారు, అంతే అనిపించింది.

ఇప్పుడాయన భార్య పనిచేసే షాపులోనే ఉంటాడు. కుట్టిన లైఫ్‌జాకెట్లకి పట్టీలు లాగి చూడటం, ఈలలు ఊది చూడటం ఆయన పని. ఇంట్లో భార్య మాట్లాడుతుంది, నవ్వుతుంది, జోకులు వేస్తుంది. కానీ ఆయన ఏదైనా చెప్పినప్పుడు ఒక్క క్షణం ఆగి ముఖంలోకి చూసి అప్పుడు తలూపుతుంది. మునుపు అలా ఆగేది కాదు.

నాలుగైదు నెలల తర్వాత ఒకరోజు రేవు వీధిలో పెయింటర్ ఎదురుపడ్డాడు. భుజాన నిచ్చెన, చేతిలో డబ్బా. ఈసారి సరంగు పక్క సందులోకి తిరగలేదు. పెయింటరే ఆగాడు.

"గరిటె వాళ్ల అక్కయ్య మా ఇంటికి వచ్చింది. రెండు రోజులుంది."

"ఏమంది?" అని సరంగు ఆత్రంగా అడిగాడు.

పెయింటర్ నిచ్చెన ఆ భుజం మీది నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

"అది మాకు చెప్పిన మాటండి," అని మెల్లగా అని, వెళ్లిపోయాడు.

సరంగు షాపు వైపు నడిచాడు. అతనన్నది సబబే అనుకున్నాడు. ఆ మాట తెలుసుకోవాలని లోపల చాలా ఉండేది. అయినా ఆ తర్వాత ఎప్పుడూ, ఎవరినీ అడగలేదు.